నిమ్మకాయ కాపలా

తీతువు పిట్ట అరుపు మారిందని నాకు తెలిసిన క్షణాన నేను పెరట్లో తడిబట్ట పిండుతున్నాను. పోయిన ఎండాకాలం సంగతి. లోపల బాబుకు జ్వరం. రోజూ దూరంగా కూసే పిట్ట ఆ మధ్యాహ్నం ఇంటిమీదే తిరుగుతూ గొంతు చించుకుంది. ఆ బట్ట తెచ్చి బాబు నుదుటి మీద వేశాను. ప్రజ్ఞాపూర్ చివర మా ఇల్లు. ఇంటి వెనక మెట్టచేను, ఆ చెలకలో ఇవాళ ప్లాట్లకు హద్దురాళ్లు పాతారు. ఏ అరుపూ వినపడలేదు. పిల్లలు పడుకున్నాక అదంతా గుర్తొచ్చి, అలసటగా ఉన్నా రాయడానికి కూర్చున్నాను.

"గా పాడు పిట్ట ఇంటిమీద ఒర్లుతున్నది, పిలగాని జెరం తగ్గుతలేదు," అంది అత్తమ్మ ఆ రోజు. "రేపు ట్రాక్టరొస్తది. చెలక దున్నితే దాని పీడ పోతది." కాలేజీలో చదువుకున్నదాన్ని, శకునాలు నమ్మను. కానీ బిడ్డ నుదురు కాలుతుంటే చదువు అంతగా పనికిరాదు.

వెళ్లి చూస్తే చెలకలో కుక్క తిరుగుతోంది. దాన్ని తరిమాక పిట్ట దిగింది. గులకరాళ్ల మధ్య, రాళ్లలాగే నాలుగు గుడ్లు. గూడంటూ ఏమీ లేదు. చిన్నప్పుడు కుకునూరుపల్లిలో మా బాపు దున్నుతుంటే ప్రతి చెలకలోనూ ఇవి లేచేవి. ఇప్పుడీ వైపు ఈ జంట ఒక్కటే. పిట్ట బర్రెల నీళ్లతొట్టి కింద నిలిచిన మడుగులో పొట్ట తడుపుకుని, పరుగున వచ్చి ఎండకు కాగుతున్న గుడ్ల మీద కూర్చుంది. మళ్లీ వెళ్లింది, మళ్లీ తడిసి వచ్చింది. అత్తమ్మను పిలిచి చూపించాను. కొంగు నెత్తిన కప్పుకుని, పిట్ట ఇంకోసారి తడిసి వచ్చేదాకా ఆమె చూసింది.

"నువ్వు పొద్దటిసంది పిలగానికి జేస్తున్నదే అదీ జేస్తున్నది గదనే," అంది.

ట్రాక్టరతనికి చెబుదామన్నాను.

"గుడ్లున్నయి, గింత జాగ ఇడిసిపెట్టుమంటె నవ్వుతడు. నిమ్మకాయ జూస్తె నవ్వడు."

నిమ్మకాయలు కోసింది నేనే. కుంకుమద్ది, ఎండుమిరపకాయలతో గుడ్ల చుట్టూ కొంచెం ఎడంగా పెట్టింది ఆమె.

తెల్లవారేసరికి బాబు ఒళ్లు కాస్త చల్లబడింది. ట్రాక్టరు వచ్చి టక్కున ఆగింది.

"ఏందవ్వా గిది?"

"నీకెందుకు కొడుకా? దాటుతవా, దాటు."

అతను చుట్టూ తిప్పుకుని పోయాడు. దుక్కి మధ్య మంచమంత నేల మిగిలింది.

నిమ్మకాయలు చూసి మా పెద్దది నా వెనక దాక్కుంది. "అమ్మా, గాడ దయ్యమున్నదా?"

నిద్రలేక నా కళ్లు మండుతున్నాయి. ఇద్దరినీ దగ్గరికి తీసుకున్నాను.

"దయ్యం కాదు బిడ్డా, ఒక అమ్మ కూసున్నది. గుడ్డు పగిలిన దినమే దాని పిల్లలు నడుస్తయి. వాటికి ఎక్కువ కాలం అక్కర్లేదు. గప్పటిదాంక మనం చుట్టు తిరిగి పోదాం."