దీవెనమ్మ నోట్లో చుట్ట

దీవెనమ్మ చుట్ట కాల్చేది కాదు. ముందు ఆ ముక్క రాసేస్తే గానీ తక్కినది రాయడానికి నాకు చెయ్యి సాగదు. ఈ మాట నేను చెప్పవలసింది పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, ఒక ఆదివారం పొద్దున్న, అరవైమంది మనుషుల ముందు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు చెబుతాను. విని మీరు తిట్టుకుంటే తిట్టుకోండి. ఇన్నేళ్ళలో నన్ను నేను తిట్టుకోని తిట్టు మీకు దొరకదు.

అప్పట్లో నేను విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాని. పేరు గురునాథరావు. మాది సబ్బవరం దగ్గర పల్లె. ఆఫీసులో టైపు కొట్టుకునే మనిషినే అయినా, మధ్యాహ్నం భోజనం గంట వచ్చేసరికి నన్ను పట్టడానికి ఉండేది కాదు. చంకలో అట్ట, జేబులో రెండు పెన్సిళ్ళు. హార్బరు గేటు దగ్గర రిక్షావాడు కునుకు తీస్తున్నా, టీకొట్టు అబ్బులు గ్లాసులు కడుగుతున్నా, అక్కడే ఎండలో నిలబడి గీసేవాణ్ణి. విశాఖలోనే అచ్చయ్యే ఒక వారపత్రికలో వారానికో బొమ్మ, కింద ఆ మనిషి గురించి పది వాక్యాలు వేసేవారు. ప్రతి బొమ్మ కిందా ‘అక్కడికక్కడే చూసి గీసినది’ అని ఉండేది. అలా వేయమన్నది నేనే. ఫొటోలు చూసి గీసేవాళ్ళన్నా, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని మనుషుల్ని కల్పించేవాళ్ళన్నా నాకు ఒళ్ళు మండేది. “కళ్ళతో చూడనిది గీసేవాడు ఆర్టిస్టేమిటండీ, అబద్ధాలకోరు!” అని ఎడిటరు శ్రీరామ్మూర్తిగారి ముందు గంటలకొద్దీ వాగేవాణ్ణి. ఆయన పాపం వినేవారు.

మా ఆఫీసు వెనక వీధిలో పాత గోనెసంచులు బాగుచేసే దుకాణం ఉండేది. కూలీల కొక్కేలు తగిలి చిరిగినవీ, ఎలకలు కొట్టినవీ కట్టలు కట్టలుగా వచ్చి పడేవి. దుకాణం ముందు రేకుల నీడలో ముగ్గురు ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుని వాటిని దబ్బనంతో, పురికొసతో కుట్టేవారు. ముగ్గురిలో పెద్దది దీవెనమ్మ. తక్కిన ఇద్దరూ జోగమ్మ, చిలకమ్మ.

దీవెనమ్మ పెందుర్తి అవతలి పల్లె నుంచి పద్నాలుగేళ్ళకు కాపురానికి వచ్చిందట. మొగుడు పోర్టులో మూటలు మోసి మోసి నడుం పడిపోయి చచ్చిపోయాడు. దబ్బనం పట్టుకుని ఒక్కగానొక్క కొడుకు ఫ్రాన్సిస్‌ని పెంచి, కళాసీ పనిలో పెట్టి, పెళ్ళి చేసింది. చదువు లేదు. కానీ మాటంటే మాటే. మా వైపు ఆడవాళ్ళు చాలామంది అడ్డచుట్ట కాలుస్తారు. నిప్పున్న కొస నోటి లోపల, మొదలు మాత్రం బయట. పొగ తక్కువ, గాలికి ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. దీవెనమ్మా ముప్ఫై ఏళ్ళు అలాగే కాల్చింది. ఆవిడ అక్క గంగాలమ్మ అంగిట్లో పుండు లేచి, నోరు తెరవలేక, గంజి కూడా దిగక చచ్చిపోయింది. అక్కను పూడ్చి వచ్చిన రోజున దీవెనమ్మ చుట్టలన్నీ తీసుకెళ్ళి కాలవలో పారేసింది. మరుసటి ఆదివారం వాళ్ళ ప్రార్థన మందిరంలో లేచి నిలబడి, ఇక నా నోట్లో నిప్పు పెట్టను అని అందరి ముందూ ఒట్టు వేసింది. అది జరిగి ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో జోగమ్మనూ చిలకమ్మనూ కూడా అత్తగారిలా సాధించి సాధించి మానిపించింది. “ముప్పై ఏళ్ళు కాల్సిన ముండని, నాను మానగా లేంది మీరు మాననేరేటే?” అనేది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. బొమ్మ గీసే ముందే అడిగి తెలుసుకుని ఉండాల్సింది. నాకంత ఓపికెక్కడిది? నాకు గీత ముఖ్యం.

ఆ రోజు దీవెనమ్మ పురికొస చివర పళ్ళ మధ్య బిగబట్టి, దబ్బనాన్ని రెండు చేతులతో లాగుతోంది. మెడ నరాలు బిగుసుకుని, బుగ్గలు లోపలికి పోయి, అబ్బ, ఏం మొహం అది! అరగంటలో గీసేశాను. చూపిస్తే పగలబడి నవ్వింది.

“ఓలమ్మో! నా ముక్కు ఇంతుంటాదేటి బాబూ?”

“ఉన్నంతే గీశానమ్మా.”

“అయితే ఉండనీయండి. పేపర్లో ఏత్తే నా పేరు కూడా ఎయ్యండి. ఊరికే గోనెలు కుట్టేదాయని ఎయ్యకండి.”

సరేనన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి ఇంకు పూస్తుంటే ఆ పురికొస దగ్గర పేచీ వచ్చింది. సన్నగీత అచ్చులో నిలవదు. పెదవి మీద గాటు పడినట్టు కనిపిస్తోంది. కాస్త లావు చేశాను. లావు చేస్తే చుట్ట మొదలులా కనబడింది. చుట్ట కాల్చే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆ వయసు ఆడమనిషి, ఆ పీక్కుపోయిన బుగ్గలు, నోట్లో చుట్ట లేకపోతే వెలితే అనిపించింది. చుట్టే చేసేశాను. బొమ్మకు ఎక్కడలేని ప్రాణం వచ్చింది. అంతటితో ఊరుకున్నానా? కింద రాసిన పది వాక్యాల్లో మొదటిది: ‘నోట్లో అడ్డచుట్ట, చేతిలో దబ్బనం, ఆవిడే దీవెనమ్మ.’

బొమ్మను ఊరంతా మెచ్చుకుంది. శ్రీరామ్మూర్తిగారు భుజం తట్టి, “ఊళ్ళో జరగబోయే ఎగ్జిబిషన్‌లో ఇది గుమ్మానికి ఎదురుగా పెట్టిస్తానోయ్” అన్నారు. నేను వారం రోజులు నేలమీద నడవలేదు.

నెల తిరక్కుండా దీవెనమ్మ మా ఆఫీసు మెట్ల దగ్గరికొచ్చి నిలబడింది. కొంగులోంచి మడతపెట్టిన పేపరు తీసింది.

“బాబూ, ఇది నానేనా?”

“నువ్వే కదా.”

“మరి ఇదేటి?” అని బొమ్మలో నోటి దగ్గర వేలు పెట్టింది.

నేను ఆ పేపరు అందుకుని మడత పెట్టబోయాను.

“నాను సుట్ట మానీసి ఏడేళ్ళయినాది. ఆ రోజు నా నోట్లో ఉన్నది పురికొస. ఎదురుగా కూకుని గీసినారు, మీకు తెల్దేటి?”

ఎవరో ఆ పేపరు తీసుకెళ్ళి వాళ్ళ దేవదానం పాస్టరుగారికి చూపించారట. ఆయన అడిగితే, కాల్చలేదయ్యా అందట. పేరుతో సహా వేశారు, చూసి గీసినదని రాశారు, ఆ బాబుకు నీ మీద ఏం పగ అన్నారట. చేసింది ఒప్పుకునే దాకా ప్రభువు బల్లకు, అంటే నెలకోసారి రొట్టె విరిచి పంచుకునే ఆరాధనకు, రావద్దన్నారు.

“ఒప్పుకుంటే ఎంటనే రానిత్తారంట. సెయ్యనిది సేసినానని ఎలాగ సెప్తాను బాబూ? దేవుడి ముందు అబద్దం ఆడమంటారా? ఈదిలో జోగమ్మ కూడా, దొంగసాటుగా కాలుత్తన్నావేటే అని అడిగీసింది. నా కోడలు మందిరంలో తల ఎత్తుకోనేక పోతంది. మీరొచ్చి ఒక్క మాట సెప్పండి. అది సుట్ట కాదు, పురికొస అని. అంతే. మీ మాట ఇంటారు.”

“వస్తానమ్మా, తప్పకుండా వస్తాను” అన్నాను.

శ్రీరామ్మూర్తిగారితో చెప్పాను. “సవరణ వేస్తానంటే వేస్తాను. అయితే రేపు జనం, తక్కినవాటిలో ఎన్ని కల్పించావని అడుగుతారు. ఎగ్జిబిషన్‌లో అది పెట్టలేం. ఆలోచించుకో, నీ ఇష్టం” అన్నారు. నా ఇష్టానికే వదిలేశారు మహానుభావుడు. ఆయన్ని అనడానికి ఏమీ లేదు. సవరణ వద్దన్నది నేనే.

బల్ల ఆదివారాలు రెండు గడిచిపోయాయి. ఒకసారి జ్వరమని కబురు పెట్టాను. మరోసారి ఆ కబురు కూడా పెట్టలేదు. మూడోసారి మాత్రం దీవెనమ్మ శనివారం వచ్చి, “రేపొత్తారా బాబూ?” అని అడిగి కదలకుండా నిలబడింది. వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను, నమ్మండి.

మందిరమంటే ఒక రేకుల షెడ్డు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. వెనక కూర్చోబోతుంటే పాస్టరుగారు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళి కుర్చీ వేశారు. అక్కడ ఇంకో కుర్చీ లేదు. “పత్రికలో బొమ్మలు వేసే గురునాథరావుగారు! మా అమ్మాయి మీ బొమ్మలన్నీ కత్తిరించి దాచుకుంటుందండీ” అన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు. నాకు, సిగ్గులేని వెధవకు, ఆ చూపులు బాగున్నాయి.

ఆయన చాలా మర్యాదగానే అడిగారు. “మా దీవెనమ్మ మంచిది. మేమూ ఆవిణ్ణి పోగొట్టుకోలేం. మీరొక్క మాట చెప్పండి. ఆ బొమ్మ చూసి గీసినదేనా?”

ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో దీవెనమ్మ. పక్కన కోడలు. దీవెనమ్మ నా నోటివైపే చూస్తోంది. చుట్ట కాదండీ, పురికొస. చెప్పాల్సింది అంతే. నా నోట్లోంచి వచ్చింది వేరు.

“నేను చూడనిది గీయనండీ. కాకపోతే... చుట్టో మరేదో... ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు.”

పాస్టరుగారు తలాడించి కళ్ళు దించుకున్నారు. దీవెనమ్మ నన్ను చాలాసేపు చూసింది. కోడలు వైపు చూసింది. తర్వాత కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది.

“అయ్యగారూ, కాల్సినాను. బాబు గీసింది నిజిమే. దొంగసాటుగా కాల్సినాను. దేవుడు నన్ను సెమించాల” అంది.

“ప్రభువుకు స్తోత్రం” అన్నారు పాస్టరుగారు. ఆయన కళ్ళు తడిశాయి. అందరూ స్తోత్రం అన్నారు. రొట్టె వచ్చింది. దీవెనమ్మ ముక్క చేతిలో పట్టుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. పశ్చాత్తాపం అనుకున్నారు వాళ్ళు. తేలు కుట్టిన దొంగలా నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. అప్పుడైనా లేచి చెప్పొచ్చు. కాళ్ళున్నాయి, నోరుంది. లేవలేదు.

బయట ఆవిడ వెనక పరుగెత్తాను. “ఎందుకలా చెప్పావు దీవెనమ్మా?”

“మీరు సెప్పనేదు కదా బాబూ” అంది. “ఇద్దర్లో ఎవరో ఒకరం సెప్పాల కదా. కోడలు ముకం సూడనేకపోయినాను.” కోడలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఎగ్జిబిషన్ అయింది. బొమ్మ గుమ్మానికి ఎదురుగా పెట్టారు. మెడల్ కూడా ఇచ్చారు. ఎక్కడ పడేశానో అడక్కండి. నెలరోజులు ఆ వెనక వీధి ఛాయలకు పోకుండా చుట్టు తిరిగి ఆఫీసుకు వెళ్ళాను. ఒకరోజు పోర్టు లారీలు అడ్డం పడి దారి మూసుకుపోతే తప్పలేదు. తల వంచుకుని గబగబా పోతున్నాను.

“గురునాథంబాబూ!” అని పిలుపు.

ఆగాను. రేకుల కింద ముగ్గురూ ఉన్నారు. జోగమ్మ పెదాల మధ్య చుట్ట మొదలు. చిలకమ్మ పెదాల మధ్యా అదే. జోగమ్మ నన్ను చూసి చుట్ట తీసి, “ఈవిడే దొంగసాటుగా కాల్సినప్పుడు మేం మానీడమేటి బాబూ? ఏడేళ్ళు ఊరికే నోరు కట్టుకున్నాం” అని మళ్ళీ నోట్లో పెట్టుకుంది. దీవెనమ్మ వాళ్ళను ఒక్క మాటా అనలేదు. అనడానికి ఆవిడ దగ్గర ఇంకేం మిగిలింది?

దబ్బనం గోనెలో గుచ్చి వదిలేసి నావైపు చూసింది.

“రండి బాబూ, ఇప్పుడు గియ్యండి. జోగమ్మ నోట్లో ఉంది, సిలకమ్మ నోట్లో ఉంది. నా నోట్లో ఉందని నానే సెప్పినాను. ఇంక మీరు కల్పించక్కర్నేదు” అని, మొహం నావైపు తిప్పి కదలకుండా కూర్చుంది.