చెయ్యి లేపినవాడు

మా అన్న కుడి చెయ్యి ఎంత బరువుండేదో ముందు చెప్పాలి. రాత్రి అన్నం తిన్నాక గడప మీద కూర్చుని ఆ చెయ్యి మోకాలి మీద ఆనించి, "లేపురా చూద్దాం" అనేవాడు. నేను రెండు చేతులతో మణికట్టు పట్టుకుని, కాళ్లు గోడకు తన్ని లాగేవాణ్ణి. చెయ్యి కదిలేది కాదు. ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టు అమ్మతో మార్కెట్ ముచ్చట్లు చెబుతుండేవాడు. పక్కింటివాళ్లను కూడా పిలిచి లాగించేవాణ్ణి. ముగ్గురం లాగినా అంతే. అమ్మ గిన్నెలు కడుగుతూ నవ్వేది. "వాని చెయ్యి లేపుడు నీతోని ఏడైతది బిడ్డా, నువ్వు బట్టలు కొల్చుకో పో" అనేది.

అమ్మ అన్నది నిజమే. జహీరాబాద్ బజారులో ఒక బట్టల దుకాణంలో గజం బద్ద పట్టుకుని నిలబడే పని నాది. డెబ్బైల చివర్లో, నాకు ఇరవై దాటినప్పటి మాట ఇది. నాన్న ఎప్పుడో పోయాడు. అన్న మార్కెట్ యార్డులో హమాలీ. పగలంతా అల్లం బస్తాలు, ఆలుగడ్డ బస్తాలు మోసేవాడు. తెల్లవారకముందే కుస్తీలు నేర్పే తాలీంకు పోయి, ఎర్రమట్టి గుంటలో ఒళ్లంతా మట్టి చేసుకుని వచ్చేవాడు. బాదాములు తిని, పాలు తాగే తాహతు మాకు లేదు. జొన్నరొట్టె, పల్లీలు, బెల్లం, అంతే. అయినా అటు న్యాల్‌కల్ నుంచి ఇటు కోహీర్ దాకా ఏ జాతరలో కుస్తీలు జరిగినా అన్న పేరు మోగేది. దేవుడు ఆయనకు కండ ఇచ్చాడు, నాకు నోరిచ్చాడు. ఆ నోటికి తోడు ముక్కు మీద కోపం కూడా ఇచ్చాడు.

జాతర కుస్తీల్లో నాకూ ఒక పని ఉండేది. మా దిక్కు కుస్తీలు కొబ్బరికాయతో మొదలవుతాయి. మొదటి జోడీలో గెలిచినవాడికి కొబ్బరికాయ. తరువాత చిన్న చిన్న ఇనాములు. పొద్దు వాలే వేళకు చివరి కుస్తీ, దానికి వెండి కడెం. కుస్తీ పట్టదలచినవాడు ఊరికే బరిలోకి దూకడు. అతని మనిషి ఒకడు అతని చెయ్యి పైకి లేపి పట్టుకుని, డప్పుల మధ్య బరి చుట్టూ తిప్పుతాడు. ఎదుటివాడు వచ్చి ఆ చేతిని చరిస్తే జోడీ కుదిరినట్టు. కడెం కుస్తీకి లేచిన చెయ్యి దిగకూడదు. దించుకుంటే ఆ జాతరలో మళ్లీ అడుగు పెట్టడానికి ముఖం చెల్లదు. అన్న చెయ్యి లేపే మనిషిని నేను. బక్కపలచటి నేను ఆ చెయ్యి పట్టుకుని తిరుగుతుంటే జనం నవ్వేవాళ్లు, నాకు మాత్రం ఛాతీ ఉబ్బేది.

ఎనభైల మొదట్లో న్యాల్‌కల్ దిక్కు ఒక జాతరకు పోయాం. అంతకు మూడు రోజుల ముందు మార్కెట్‌లో బస్తా జారి అన్న మెడ మీద పడింది. బస్సులో మెడ తిప్పలేక మొత్తం ఒళ్లు నా వైపు తిప్పి చెప్పాడు.

"తమ్మీ, మెడ జర పట్టేసింది. ఇయ్యాల కడెం వద్దు. చిన్న కుస్తీ ఒకటి పట్టి ఇంటికి పోదాం. నువ్వు చెయ్యి లేపకు."

"సరే అన్నా, నాకేం పట్టింది" అన్నాను.

చిన్న కుస్తీ గెలిచాడు. తువ్వాలు భుజాన వేసుకుని నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కడెం కుస్తీకి లాతూరు దిక్కు నుంచి వచ్చిన పహిల్వాన్ ఒకడు చెయ్యి లేపి తిరిగాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. ఎవరూ లేవలేదు. మూడో చుట్టులో అతని చెయ్యి పట్టుకున్న మనిషి సరిగ్గా మా ముందు ఆగాడు.

"ఏమయా, జహీరాబాద్ పహిల్వాన్లు ఇయ్యాల సంతకు పోయిన్రా? ఒక్కడు గూడ కనవడ్తలేడు" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇంకేం ఆలోచించలేదు. లేచి నిలబడి, అన్న కుడి చెయ్యి పట్టుకుని పైకి లేపాను.

డప్పులు ఒక్కసారి మోగాయి. అన్న నా ముఖంలోకి ఒకసారి చూశాడు. తరువాత తువ్వాలు తీసి నా చేతిలో పెట్టాడు. లాతూరు పహిల్వాన్ వచ్చి ఆ చేతిని చరిచాడు.

చాలాసేపు అన్న పట్టు వదల్లేదు. చివరికి లాతూరు పహిల్వాన్ అన్న నడుము పట్టి ఎత్తి తిప్పాడు. అన్న తల ముందుగా నేలకు తగిలింది. చప్పుడు నాకు వినిపించింది. డప్పులవాళ్లకు వినిపించలేదు, వాళ్లు వాయిస్తూనే ఉన్నారు. నేను బరిలోకి ఉరికి "లే అన్నా, లే" అంటూ చెయ్యి పట్టి లాగాను. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. "కాళ్లు యాడ ఉన్నయ్ రా" అని అడిగాడు.

బీదర్ దవాఖాన, అక్కడి నుంచి హైదరాబాద్ దవాఖాన. మెడలో ఎముక విరిగిందన్నారు. కాళ్లు పోయాయి. చేతులు భుజాల దాకా కొంచెం కదిలేవి, వేళ్లు ముడుచుకునేవి కావు. హైదరాబాద్‌లో అమ్మ మంచం పక్కన కూర్చుని, ఏడుపు మధ్యలో ఒక్కసారిగా నిలదీసి అడిగింది.

"మెడ నొస్తుందంటివి గదరా. కడెంకు చెయ్యి ఎవడు లేపమన్నడు?"

నేను చాయ్ గిలాసతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అన్న పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "నేనే లేపిన్నమ్మా. తమ్ముడు వద్దనే అన్నడు."

అంత నోరున్న నేను, ఆ రోజు నోరు తెరవలేదు. అమ్మ చనిపోయే దాకా తెరవలేదు.

నెల తరువాత లాతూరు పహిల్వాన్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కడెం అన్న మంచం మీద పెట్టి, తలవంచుకుని నిలబడ్డాడు. అన్న వచ్చీరాని ఉర్దూలో, గెలిచినవాడిదే కడెం, తీసుకుపొమ్మన్నాడు. ఆ మనిషి వాకిట్లో కూర్చుని ఏడ్చి పోయాడు. నాకు ఆయనను చూస్తే ఈర్ష్య కలిగింది. ఆయన వచ్చి ఏడవగలిగాడు. నేను అదే ఇంట్లో ఉండి ఏడవలేకపోయాను.

తరువాత ఆరేళ్లు. అన్నను పొద్దున లేపి, ఒళ్లు తుడిచి, పక్కకు తిప్పి, అన్నం తినిపించి దుకాణానికి పోయేవాణ్ణి. మధ్యాహ్నం వచ్చి మళ్లీ తిప్పేవాణ్ణి. ఒక పక్కనే ఉంటే ఒళ్లు పుండ్లు పడుతుంది. రెండేళ్లకు అమ్మ పోయింది, ఇద్దరమే మిగిలాం. ఊళ్లో అందరూ తమ్ముడంటే ఇట్లుండాలనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా దొంగ సొత్తు జేబులో వేసుకున్నట్టు ఉండేది. ఆయన నన్ను ఒక్కసారి తిట్టలేదు. తిడితే బాగుండేది. నేనూ తప్పయిందన్నా అని ఒక్కసారి అనలేదు. రోజూ ఆ మాట నోటి దాకా వచ్చేది. "చాయ్ తాగుతవా?" అని అడిగేవాణ్ణి.

ఎనభై ఏడో, ఎనిమిదో, బస్టాండు ఎదురు సందులో ఒకాయన వీడియో గేముల దుకాణం పెట్టాడు. బీరువా అంత పెట్టె, దానికి టీవీ. బిళ్ల వేస్తే అందులో ఇద్దరు మనుషులు తన్నుకుంటారు. మా దుకాణం సెలవునాడు అన్నను రిక్షాలో కూర్చోబెట్టి, పడిపోకుండా పాత ధోవతితో సీటుకు కట్టి తీసుకుపోయాను. దుకాణదారు మంచివాడు, ఎండ పడకుండా కట్టిన పరదా పక్కకు లాగి, రిక్షా గడప దాకా రానిచ్చాడు. నేను బిళ్ల వేశాను. తెల్ల బట్టలు, నల్ల పట్టీ కట్టుకున్న మనిషి ఒకడు తెర మీద నిలబడ్డాడు.

అన్న నవ్వాడు. ఎన్నేళ్ల తరువాతో నవ్వాడు.

"ఎవడురా వీడు? ఏ ఊరు వీనిది?"

నాకేం తెలుసు? అయినా ఊరుకోలేదు నా నోరు. "కోహీర్ అన్నా. జామపండ్లమ్మే ఆమె కొడుకు."

"నల్ల పట్టీ ఎందుకు కట్టిండు?"

"తెల్లది ఉతుక్కుంట ఉతుక్కుంట యాష్టకొచ్చి తల్లే నల్లరంగు వేసింది."

అట్లా మొదలైంది. ప్రతి సెలవునాడూ అన్న అడిగేవాడు, నేను అల్లేవాణ్ణి. ఆ పెట్టెలోని మనిషికి నేను పుట్టుక పెట్టాను, చిన్నప్పుడు తట్టు పోయించాను, జామతోటలో కొమ్మలకు వేలాడదీసి కండలు పెంచాను. చిరాగ్‌పల్లి రోడ్డు మీద లారీ ఎక్కించి బొంబాయి పంపాను. అక్కడ ఆకలితో మాడ్చాను. ఒక ఉస్తాద్‌ను చూపించాను. అన్న మధ్యలో సరిదిద్దేవాడు. "గంత తొందరగ పట్టు రాదురా వానికి, ఇంకో రెండేండ్లు పెట్టు" అనేవాడు. నేను రెండేళ్లు పెట్టేవాణ్ణి. వారమంతా దుకాణంలో గుడ్డ కొలుస్తూ తరువాతి ముచ్చట ఆలోచించుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ ఏడాది నేను సంతోషంగానే ఉన్నాను.

ఆట మాత్రం నాకు వచ్చేది కాదు. మనవాడు రెండు తన్నులకే పడేవాడు. "నీ చేతుల వడ్డంక వాడు ఓడకేం జేస్తడురా" అని అన్న నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి, తల తిప్పి ఆయన వైపు మాత్రం చూసేవాణ్ణి కాదు. ఓడాక తెర మీద పది, తొమ్మిది, ఎనిమిది అని అంకెలు పడేవి. ఆ లోపల ఇంకో బిళ్ల వేస్తే పడ్డవాడు లేచి నిలబడేవాడు. అన్న అంకెలు పడుతున్నంతసేపూ నన్ను తొందర పెట్టేవాడు. ఒకసారి నా దగ్గర బిళ్ల లేదు. అంకెలు అయిపోయాయి, తెర నల్లబడింది. "పోనీలే, ఇయ్యాలటికి పండుకోనీ" అన్నాడు.

చలికాలంలో అన్నకు జ్వరం వచ్చింది. ఊపిరిలో గురగుర మొదలైంది. ఊళ్లోని దవాఖానలో చేర్చాను. మూడో రోజు మధ్యాహ్నం కొంచెం తేరుకున్నాడు. కిటికీలోంచి ఎండ కాళ్ల మీద పడుతోంది. నన్ను దగ్గరికి రమ్మని, "ముచ్చట చెప్పు" అన్నాడు. ఎక్కడ ఆపామో గుర్తు చేసుకుంటుంటే ఆయనే అడిగాడు.

"వానికి తమ్ముడు లేడారా?"

ఏడాది పాటు ఆ కథలో తల్లిని, ఉస్తాద్‌ను, లారీ డ్రైవర్‌ను పెట్టాను గానీ తమ్ముణ్ణి పెట్టలేదు.

"ఉన్నడు" అన్నాను. "నోరు పెద్దది. చేతగాదు. ఒకనాడు అన్న వద్దన్నా వినకుంట కడెం కుస్తీకి అన్న చెయ్యి లేపిండు. అన్న మెడ ఇర్గింది. తమ్ముడు ఇంతవరకు తప్పయిందని ఒక్కమాట అనలే."

చెప్పేశాను. తల ఎత్తలేకపోయాను. అన్న ఊపిరి తీసుకోవడానికి కష్టపడుతూ, మెల్లగా అన్నాడు.

"చెయ్యి తమ్ముడు లేపిండు, సరే. అన్న పహిల్వానే గదరా. వద్దనుకుంటే లేస్తదా ఆ చెయ్యి?"

నేను ఆయన వైపు చూశాను.

"ఆయినకు గూడ కడెం కావాల్ననే ఉండె. నోటితోనే వద్దన్నడు." ఊపిరి పీల్చుకున్నాడు. "ఈ మాట తమ్మునికి ఎప్పుడో చెప్పాల్సుండె. చెప్తే తమ్ముడు ఇడిసిపెట్టి పోతడేమోనని బుగులు పడ్డడు. అందుకే చెప్పలే."

ఇప్పుడైతే ఆ మాటకు ఆయన మంచం పక్కనే కూర్చుండిపోతాను. ఆ క్షణంలో మాత్రం నాకు కోపం వచ్చింది. ఆరేళ్లు. ఆరేళ్లు నిద్ర పట్టక దొర్లాను. అమ్మ ముఖం సూటిగా చూడలేకపోయాను. ఈయనకు అంతా తెలుసు. తెలిసి, నా తప్పును తాడులా వాడి నన్ను మంచానికి కట్టేసుకున్నాడు. అట్లా అనిపించింది. లేచి వరండాలోకి పోయాను. "తమ్మీ" అని పిలిచాడు. నేను వెనక్కి తిరగలేదు. దవాఖాన గేటు దగ్గర చాయ్ తాగాను, ఒకటి తాగి ఇంకొకటి తాగాను.

కోపం దిగాక, ఆయనకు ఏం చెప్పాలో తెలిసింది. తిరిగి వచ్చేసరికి నర్సు ఆయన ముక్కుకు గొట్టం పెడుతోంది. కళ్లు మూసుకుని ఉన్నాయి. పిలిచాను, పలకలేదు. మర్నాడు పొద్దునకు పోయాడు.

వాకిట్లో స్నానం చేయించేటప్పుడు తాలీం ఉస్తాద్ నీళ్లు పోస్తున్నాడు, నేను రుద్దుతున్నాను. చంక కింద నీళ్లు పోయడానికి ఆ కుడి చెయ్యి పట్టుకుని ఎత్తాను. ఇట్టే లేచింది. నాకు ఆ జాతర గుర్తుకొచ్చింది. ముగ్గురం లాగినా కదలని ఆ చెయ్యి, ఆ రోజు బరి పక్కన నా ఒక్క చేతికి ఇంతే తేలికగా లేచింది. లేపుతున్నప్పుడే నాకు తెలియాల్సింది. కోపంలో ఉన్నాను, తెలియలేదు.

"తప్పు నాది గాకున్నా నీకు చాకిరి చేస్తుంటి గదన్నా, యాడికి పోతుంటి నిన్ను ఇడిసిపెట్టి" అన్నాను పైకే. ఉస్తాద్ నా వీపు మీద చెయ్యి వేసి, నీళ్లు చల్లారుతున్నాయి, కానియ్యమన్నాడు.

ఆ మాట అన్నకు చెప్పడానికి నాకు దవాఖానలో ఒక మధ్యాహ్నం దొరికింది. అప్పుడు నేను గేటు దగ్గర నిలబడి రెండో చాయ్ తాగుతున్నాను.