టీకా జ్వరానికి తాళింపు మానిన ఇల్లు

ఆదోనిలో మా పాప మంజులకు హెచ్‌పీవీ టీకా వేయించి, ఎమ్మిగనూరులో బస్సు దిగేసరికే ఏదో తేడాగా అనిపించింది. పదమూడేళ్ల పిల్ల చేతిసంచి కూడా పట్టుకోలేనంది. సూది వేసినచోట వాచింది. పొద్దుగూకేసరికి ఒళ్లు వెచ్చబడింది.

మా అమ్మ మాతోనే ఉంటుంది. మశూచి టీకా మచ్చలు ఇంకా ఆమె చేతి మీదున్నాయి. టీకా తర్వాత జ్వరమంటే ఆమె లెక్కలో అమ్మవారు వచ్చినట్టే. గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇంట్లో తాళింపు మాన్పించింది. మాత్ర ముట్టనివ్వలేదు.

"అమ్మవారు ఇంట్లో ఉండంగ మాత్రలేందే? ఆయమ్మకు కోపమొస్తాది!"

నాకు ఒళ్లు మండింది. మా అక్క గర్భాశయ ముఖద్వారం కేన్సర్‌తో పోయింది. పాపకు ఆ గతి పట్టకూడదనే టీకా వేయించాను. ఇప్పుడేమో పాప "రెండో సూది వద్దుమా" అని ఏడుపు. రెండో డోసు వీళ్లిద్దరూ వేయించనిస్తారో లేదోనని దిగులేసింది.

పొద్దున్నే, టీకా వేసిన, అక్క సంగతి తెలిసిన డాక్టరమ్మకు ఫోన్ చేసి, అమ్మకు వినబడేలా స్పీకర్ పెట్టాను.

"మైల్డ్ రియాక్షనే, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. పారాసిటమాల్ ఇవ్వండి, డోస్ చెప్తాను. వాపు మీద తడిగుడ్డ వేయండి, రుద్దొద్దు. చెయ్యి ఆడిస్తూ ఉండాలి. మొహం వాచినా, ఒళ్లంతా దద్దుర్లొచ్చినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆస్పత్రికి రండి."

"మాత్రేస్తే ఆయమ్మకు కోపం రాదా?" అమ్మ అడిగింది.

"రాదవ్వా. మీ పెద్దమ్మాయికొచ్చిన జబ్బు ఈ పిల్లకు రాకుండా వేసిన టీకా ఇది."

అమ్మ తనే లేచి మాత్ర, నీళ్లు తెచ్చింది. మధ్యాహ్నం పప్పుకు తాళింపు పెట్టింది. మర్నాటికి జ్వరం తగ్గింది, పాప అదే చేత్తో మా ఇంటి మగ్గానికి నూలు కండెలు చుట్టింది.

ఆరు నెలలకు రెండో డోసు. అమ్మ కూడా వెంట వచ్చింది. పాప భయంతో ఏమీ తినలేదు, సూది తీయగానే కళ్లు తిరిగాయి. నర్సు పడుకోబెట్టి, "ఇందుకే కాసేపు కూర్చోమనేది" అంది. తేరుకున్నాక బొరుగుల ఉగ్గాని తినిపించాం.

లేవబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డకు అయిపాయ. మరి నీకు?"

"నా వయసుకు ఆ టీకాతో పెద్దగా లాభముండదంటమా."

"టెస్టుందంట గదా, నర్సమ్మ సెప్పింది. ఒక బిడ్డను మన్నులో పెట్టినాను. ఇంకోసారి నాతో కాదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ రోజే గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలు తీసి చూసే పాప్ స్మియర్ టెస్టు చేయించుకున్నాను. తర్వాత రిపోర్టు నార్మల్ వచ్చింది. టీకా వేయించుకున్నా, పెద్దయ్యాక పాపకూ ఆ టెస్టు తప్పదట.

పిల్లకు టీకా వేయించే రోజు కడుపు నింపి తీసుకెళ్లండి. మీకు ముప్పై దాటుంటే, మీ టెస్టు సంగతి తేల్చుకోకుండా తిరుగు బస్సు ఎక్కొద్దు.