ఆయన చెప్పని ఒడ్డు

సముద్రాన్ని కొనడానికి వచ్చేవాళ్లు ముందు సోఫా రంగు చెబుతారు. "నీలం కాస్త తగ్గింది చూపించండి, మా గోడ లేతాకుపచ్చ" అంటారు. ఫొటోల పిన్నికి ఒళ్లు మండుతుంది. అలాగని బేరం చెడగొట్టుకునేంత వెర్రిబాగులది కాదు. అలలు, రాళ్లు, మంచులో చెట్లు, అన్నిటినీ మందపాటి కాగితం మీద ముద్రించి, ఫ్రేము కట్టి అమ్ముతుంది. వచ్చినవాళ్లకు ముఖం చూసుకునే అద్దాలు కూడా ఫ్రేములో బిగించి ఇస్తుంది. ఒట్టి సముద్రంతో కడుపు నిండదు కదా.

ఆ ఫొటోలన్నీ ఆమె భర్త తీసినవే. మంచి చోటు దొరికితే ఫొటోలు తీసేవాళ్లు ఊరి పేరు బయటపెట్టరు. పెడితే మర్నాటికి పదిమంది స్టాండ్లు పట్టుకుని దిగుతారు. ఈయనైతే కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పని ఘనుడు. ఆఖరిసారి వెళ్లొచ్చినప్పుడు మాత్రం ముఖం వెలిగిపోతూ, "నిన్ను తీసుకెళ్లాల్సిన చోటు దొరికిందే" అన్నాడు.

"ఎక్కడండీ?"

"ముందు ఫొటో చూడు. నచ్చితే చెప్తా."

ఆ ఫిల్ము కడగకముందే గుండె ఆగి పోయాడు.

బతికుండగా డార్క్‌రూమ్‌లో కాలు పెట్టనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక పిన్ని ఆ పని పట్టుబట్టి నేర్చుకుంది. మొదట ముద్రించింది ఆ ఒడ్డునే. ఎడమపక్క గూని మనిషిలాంటి రాయి, కుడిపక్క నీళ్లలోకి సాగిన ఇసుక మేట. దాన్ని గోడకు తగిలించి, అమ్మకానికి కాదని చీటీ అంటించింది. వచ్చిన ప్రతివాళ్లనూ ఆ చోటెక్కడో తెలుసా అని అడిగేది. ఎవరూ ఆనవాలు పట్టలేకపోయారు.

"సముద్రం ఎక్కడైనా సముద్రమే కదా వదినా, ఏదో ఒక ఒడ్డుకి వెళ్లి రారాదూ" అన్నాడు మరిది. ఆమె అతనితో నెలరోజులు మాట మానేసింది. తనను తలుచుకుంటూ ఆయన నిలబడ్డ ఇసుకలో ఒక్కసారి కాలు పెట్టాలి. ఆమె కోరుకున్నదల్లా అంతే.

పడవలు బాగుచేసే ముసలాయన ఒకాయన రెండేళ్ల కిందట ఫ్రేము కోసం వచ్చాడు. ఆయన్నీ అడిగింది. "మాదీ ఒడ్డేగానీ, ఇది మా వైపు కాదమ్మా" అనేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఇన్నాళ్లకు మనవరాలికి అద్దం కావాలని వచ్చాడు. బిగించిన అద్దాన్ని వెలుగుకేసి ఎత్తి పట్టుకున్నాడు. వెనక గోడమీది ఫొటో అందులో కనబడింది.

"అమ్మా, ఇలా వచ్చి అద్దంలో చూడు. ఇది మా గూని రాయే! రాయి కుడిపక్కన ఉండాలి కదా, గోడమీద ఎడమపక్కకి ఎలా వచ్చిందీ?"

పిన్ని లోపలికి పరుగెత్తి నెగటివ్ తీసి దీపానికి పట్టింది. మసకవైపు కిందికి, మెరిసేవైపు పైకి పెట్టి ముద్రించాలి. కొత్త చెయ్యి, కళ్లనిండా నీళ్లు, ఆ రోజు తిప్పి పెట్టేసింది; కుడి ఎడమైపోయింది. ఒక్కటి చాలనుకుని మళ్లీ ముద్రించనే లేదు.

"ఎంత దూరం బాబాయ్?" అంది బయటికి వచ్చి.

"పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగుతావు. కానీ..." ముసలాయన అద్దం కింద పెట్టాడు. "ఇప్పుడక్కడ ఒడ్డు లేదమ్మా. పోయినేడు ఓడరేవు కట్టారు. ఆ రాయిని పగలగొట్టి, అలలకు అడ్డంగా కట్టిన గోడలోనే వేసేశారు."

ఆమె స్టూలు మీద కూలబడింది. సరిగ్గా ముద్రించి ఉంటే ఆ చోటెక్కడో రెండేళ్ల కిందటే తెలిసేది. అప్పటికి ఒడ్డు ఉంది. ఎవర్ని తిట్టుకోవాలి? పేరు దాచిన మొగుణ్నా, తన చేతుల్నా? ఇద్దర్నీ తిట్టుకుంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

"ఊరుకో తల్లీ. అక్కడిప్పుడు లారీలూ గోడా తప్ప ఏముంది? వెళ్లి ఏం చూస్తావు?"

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. గల్లాపెట్టెకు తాళం వేసి, షట్టరు సగానికి దించింది.

"గోడైతే గోడే బాబాయ్. దానిమీదే నిలబడతాను. ఆ బస్సు ఎక్కడాగుతుందో చూపించు, పద."