శంఖం, చక్రం చోటు మారిన పలక

మా ఇంట్లో మెట్ల కింద చోటు నాయన స్కూటరుది. దాన్ని ఎండలోకి నెట్టి నా సీఎన్‌సీ రౌటర్ అక్కడ కాపురం పెట్టింది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను చెక్క మీద చెక్కే మిషన్ అది. చెక్కిన దానికన్నా అరిచిందే ఎక్కువ. మోటార్లు ఊరికే నిలబడినా కీచుమనేవి. పనిలో పెడితే మధ్యలో అడుగు తప్పి గీతను పక్కకు జరిపేవి.

పాకాలలో పెదనాయన కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి గుమ్మం పైన పెట్టడానికి టేకు పలక కావాలన్నాడు. మధ్యలో నామం, అటూ ఇటూ శంఖచక్రాలు. నాయన వెంటనే తీర్పు చెప్పాడు.

"పలక బాగా వస్తే మిషను ఉంటాది. రాకపోతే అది పాత ఇనుముకు, నా స్కూటరు నీడకు."

నేరం చేయకముందే శిక్ష ఖరారైంది కాబట్టి డ్రైవర్లు మార్చాను. మోటారు ఎంత కరెంటు తాగాలో, ఎటు తిరగాలో చెప్పే బోర్డులవి, అగ్గిపెట్టె కంటే చిన్నవి. పాతవి మూడూ పీకి, చప్పుడు చేయని కొత్త రకం గుచ్చాను.

కొత్తవి మోటారును ఎదురు దిక్కున తిప్పుతాయని నాకెవరూ చెప్పలేదు. అంటే, చెప్పిన కాగితం నేను చదవలేదు. కిందికి దిగి చెక్కాల్సిన బిట్టు పైకి పోయింది. ఆ మోటారు వైరు తిప్పి పెట్టాను. తిరుపతిలో ఏ మిషనుకైనా మొదటి పరీక్ష నామమే కదా, పాత చెక్క మీద నామం చెక్కిస్తే తలకిందులుగా వచ్చింది. రెండో వైరూ తిప్పాను. ఈసారి నిటారుగా, కళగా వచ్చింది. మూడో మోటారుది కుడి ఎడమల పని. నామం కుడి నుంచి చెక్కినా, ఎడమ నుంచి చెక్కినా ఒకటే. ఆ మోటారు అమాయకంగా తప్పించుకుంది.

టేకు పలక ఎక్కించాను. నాయన తొంగి చూశాడు.

"కీచుమనలేదే, సచ్చిందా?"

"బతికే ఉండాది నాయనా. మర్యాద నేర్చుకున్నాది."

గృహప్రవేశం ముందురోజు పెదనాయన వచ్చి, పలక మీద పొట్టు తుడిచి, వంగి చూశాడు.

"ఏమిరా, స్వామి చక్రం ఎడమ చేత పట్టినాడే?"

చూస్తే నిజమే. మనకు ఎడమ వైపు ఉండాల్సిన చక్రం కుడి వైపు ఉంది. శంఖం దాని చోట్లో హాయిగా కూర్చుంది.

"స్వామి లోపల్నుంచి బయటికి సూస్తే ఇట్లే కనపడతాది పెదనాయనా."

"స్వామికి నీ పలక సూసే పని ల్యా! రేపు వచ్చినోళ్ళంతా నా మొగం సూస్తారు!"

ఆయన ఇల్లే కూలినట్టు కుర్చీలో కూలబడ్డాడు. నాయన ఫోనులో పాత ఇనుము వాడి నంబరు వెతుకుతున్నాడు. నేను మూడో వైరు తిప్పి, పలకను బోర్లించి, వెనక వైపు చెక్కడం మొదలుపెట్టాను. సాయంత్రానికి శంఖం, చక్రం దేని చోట్లో అది కూర్చున్నాయి.

"వెనక పక్క తప్పు అట్లే ఉంటాది కదరా?" పెదనాయన గొంతు తగ్గించాడు.

"గోడకు తప్ప ఎవరికీ తెలీదు."

"నువ్వు నోరు తెరవొద్దు. ఒట్టు!"

నేను తెరవలేదు. గృహప్రవేశంలో కాఫీలు అందకముందే ఆయనే పలక దించి, తిప్పి, వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించాడు. "సూడప్పా, మా వాడు స్వామి చేతులే మార్చేసినాడు!" ముందు వైపు చూసినవాళ్ళు లేరు.

"మాకూ ఒకటి సేయించబ్బా," అన్నాడు పక్కింటాయన, "వెనక ఇట్లే తప్పుండాల."

మరునాడు నాయన స్కూటరుకు ఎండ తగలకుండా కవరు కొనుక్కొచ్చాడు.