తథాస్తు దేవతలకు భయపడని పోశవ్వ

తడిపిన తునికాకు వాసన తగిలితే ఇప్పటికీ నా నడక ఆగిపోతుంది. నిన్న ఎల్లారెడ్డిలో ఆటో దిగి ఇంటికి వస్తుంటే ఎవరి వాకిట్లోనో బీడీలు చుట్టడానికి ఆకు తడిపి పెట్టారు. ఆ వాసన వెంటే మా పక్కింటి పోశవ్వ గుర్తుకొచ్చింది. ఆమె పోయాక ఆ ఇంటికి తాళమే ఉంది.

ఆమె ఉన్న రోజుల్లోనే మా అన్న గల్ఫ్ నుంచి తిరిగొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. ఒకనాడు చేతి గడియారం విప్పి నాకిచ్చి, "నువ్వే పెట్టుకో, నాకేం పని" అన్నాడు. అతని మనసులో ఏముందో ఇంట్లో అందరికీ అనుమానమే. కానీ ఆ మాట పైకి అంటే తథాస్తు దేవతలు వింటారట, అన్నది జరిగిపోతుందట! కళ్ళముందు మనిషి కుంగిపోతుంటే గాలిలో తిరిగే దేవతలకు వెరచి నోరు కుట్టుకోవడాన్ని మనం ఆచారం అంటాం. నేను పిరికితనం అంటాను.

ఆ మధ్యాహ్నమే పోశవ్వ బీడీల చాట చంకన పెట్టుకొని వచ్చి అన్న మంచం పక్కన కూర్చుంది.

"సచ్చిపోవాలనిపిస్తున్నదా, బిడ్డా?"

ఆకు కోస్తున్న అమ్మ కత్తెర పక్కన పడేసి లేచింది. "నీ నోట్ల మన్నువడ! తథాస్తు దేవతలుంటరే, పోశవ్వా!"

"ఉంటే ఉండనియ్యి. నా కొడుకప్పుడు గా దేవతలకే భయపడి అడగకపోతి. వాడు పోయిండు. ఏ దేవత అడ్డమొచ్చింది?"

అన్న "అవునవ్వా" అన్నాడు. అని, ఏడ్చాడు. ఆమె నీతులు చెప్పలేదు. చాట పక్కన పెట్టి విన్నది.

ఆ సాయంత్రమే మా పొలానికి తెచ్చిన పురుగుల మందును తన ఇంట్లో పెట్టి తాళం వేసుకుంది. "ఆపతి దాటేదాక గిది మీ ఇంట్ల ఉండొద్దు" అన్నది. మర్నాడు అన్నను వెంటబెట్టుకొని కామారెడ్డిలో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అమ్మ తాయెత్తు కడతానంటే, "కట్టు తల్లీ, గోలీలు మాత్రం నాగా చెయ్యకు" అని నవ్వింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే గోడ మీంచి కేక: "ఆకు తడపాలె, నడుము ఒంగుతలేదు, జర రారా!" ఆమె నడుము బాగానే వంగేదని అన్నకూ తెలుసు. అయినా వెళ్ళేవాడు.

అన్న బతకడాన్ని తాయెత్తు మహిమ అన్నవాళ్ళతో నేను ఇప్పటికీ పోట్లాడతాను. అడగడానికి ఒక మనిషి వచ్చింది. అడిగి వదిలేయలేదు.

అయినా కొన్ని దినాలు అన్నకు చీకటిగానే ఉంటాయి. నిన్న నేను ఇంటికి చేరేసరికి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పక్కన కూర్చుని పోశవ్వ అడిగిన మాటే అడిగాను.

"ఇయ్యాల లేదు" అన్నాడు. ఇటు తిరగకుండానే, "రేపు గూడ అడుగు" అన్నాడు.