గంగామణక్క చేతులు వదిలిన చోట

నిజామాబాద్‌లో మా వీధి చివర కొత్త గ్రంథాలయం కడుతున్నారు. ఈ ఉదయం అటు వెళ్తుంటే తడి సిమెంటు వాసన గుప్పుమంది. పక్కింటి అరుగు మీద ఎవరో బీడీలు చుడుతున్నట్టున్నారు, నానిన తునికాకు వాసన వచ్చి దానిలో కలిసింది. ఆ రెండూ కలిస్తే నాకు ఒక్క మనిషే గుర్తొస్తుంది, బోధన్ గంగామణక్క. గ్రంథాలయం వైపు పరుగెత్తాను. డెబ్బై దాటిన మోకాళ్లు పరుగెత్తాయంటే మీరు నమ్మరు. సరే, కాస్త త్వరగా నడిచాను.

బోధన్‌లో అప్పట్లో నేను మేస్త్రీని. జిల్లాలో మొట్టమొదటి ర్యాంపు, అంటే మెట్ల పక్కన చక్రాల బండి ఎక్కే వాలుదారి, నేనే కట్టానని చెబుతుంటాను. అది మొదటిదో కాదో నాకు తెలియదు. కట్టిన రోజే కూలగొట్టమనిపించుకున్న మొదటి మేస్త్రీని మాత్రం నేనే అయ్యుంటాను.

గంగామణక్క బీడీలు చుట్టేది. చిన్నప్పుడే కాళ్లు పడిపోయాయి. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద ఊరంతా తిరిగేది. వార్డులోని మహిళా సంఘానికి ఆమెను లీడరుగా ఎన్నుకున్నారు. సంఘం భవనానికేమో మూడు మెట్లు. ఎత్తుకుని తీసుకెళ్తామంటే ఆమె ససేమిరా అంది. అలా రెండు మీటింగులు తప్పాయి. మూడోదీ తప్పితే లీడరు పని ఇంకొకరికి పోతుంది. అప్పుడు నన్ను పిలిచారు. ఒక్క వారంలో ర్యాంపు లేపేసి, మీటింగు రోజు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాను. అక్క ఒళ్లో బీడీల చాటతో వచ్చి, కిందినుంచి పైదాకా చూసింది.

“మస్తు గట్టిగ కట్టినక్కా. ఏనుగెక్కినా కదలదు” అన్నాను.

“ఏనుగెక్కుతది తమ్మీ. నేనెట్ల ఎక్కుత?”

అయినా ఎక్కబోయింది. సగం దాకా వచ్చిన బండి జర్రున వెనక్కి జారింది. బీడీలు వాకిలంతా దొర్లాయి. ఆడవాళ్లు ఎత్తడానికి ఉరికారు.

“ముట్టకుండ్రి! నేనేమన్న బియ్యం బస్తానా?” అని గద్దించి, తనే చేతుల మీద జరిగి మెట్టుపై కూర్చుంది. “నువ్వెక్కు బండి” అంది నాతో.

ఎక్కాను. బండి గాల్లోకి లేచి నన్ను మోరీ కాలువలో పడేసిందని ఏళ్ల తరబడి చెప్పాను. అంత దూరం పోతే కదా! మూడడుగులు కూడా ఎక్కలేదు, భుజాలు మాత్రం ఊడినంత పనైంది. అప్పుడు తెలిసింది నా తప్పు. మా మేస్త్రీల చేతికి అలవాటైన వాలు ఒక్కటే, ఇంటి ముందు లూనా మోపెడ్ ఎక్కించే వాలు. లూనాకు ఇంజను ఉంటుంది. అక్కకున్నవి రెండు భుజాలు.

“మరి మీటింగెట్లక్కా?” ఎవరో అడిగారు.

“నేను లోపటికి రాకుంటే మీటింగే బయటికొస్తది. చాపలు తేండ్రి.”

చాపలు వచ్చాయి, రిజిస్టరు వచ్చింది. మొదటి తీర్మానం: మేస్త్రీ కట్టింది కూలగొట్టాలి. నేను లేచి గట్టిగా వాదించానని అంటుంటాను. వాదించలేదు. గడ్డపార తెచ్చాను.

మరునాడు ఇటుకలు పేర్చి సెంట్రింగ్ చెక్కలు పరిచాను. ఆమె ఎక్కి చూసేది, “వాలు ఇంక పండబెట్టు” అనేది. నేను ఇంకో చెక్క కలిపేవాణ్ణి. చివరికి కొలిస్తే జానెడు ఎత్తుకు పన్నెండు జానల పొడవు తేలింది.

“గంత పొడుగైతే వాకిలంత గదే ఐతదక్కా!”

“కానియ్యి. నడుమ మలుపు. ఆడ జర చదును జాగ పెట్టు. మనిషి దమ్ము తీసుకోవద్దా?”

మరుసటి మీటింగుకల్లా అలాగే కట్టేశాను. అక్క ఆ మలుపు దాకా వచ్చి ఆగింది. పిడి మీదినుంచి రెండు చేతులూ తీసేసింది. ఆమె తాపీగా ఆకు తీసి, తంబాకు వేసి, బీడీ చుట్టి, దారం కట్టింది. బండి వెంట్రుకవాసి కదల్లేదు.

“ఇప్పుడు పాసైనవు తమ్మీ” అని, మిగతా సగం ఎక్కి లోపలికి వెళ్లింది. నేను ఈల వేశాను. ఇది మాత్రం అచ్చంగా నిజం. ఆ నెలలోనే నిండు చూలాలు, కర్ర పట్టిన ముసలాయన, నీళ్ల క్యాన్లు తెచ్చే మనిషి, అందరూ ఆ దారే పట్టారు. బాగున్న కాళ్లవాళ్లు కూడా మెట్లు మరిచిపోయారు.

అక్క ఇప్పుడు లేదు. ఇవాళ గ్రంథాలయం ముందు మేస్త్రీ కొత్త ర్యాంపు మీద నీళ్లు చల్లుతున్నాడు. అది పొడుగ్గా, మెల్లగా లేచి, నడుమ మలుపు తిరిగింది. నా కర్ర కొలతల కోసమని అతనితో చెప్పాను, నిజానికి మోకాళ్ల కోసమే. మలుపు దగ్గర ఆగి, కర్రను గోడకానించి, రెండు చేతులూ వదిలేసి, వేళ్లు ఆడించాను. కాళ్లు జారలేదు.

“ఏం జేస్తున్నవ్ తాతా?” అన్నాడు మేస్త్రీ.

“బీడీ చుడుతున్న” అన్నాను. ఖాళీ చేతుల్లో దారం కట్టడం అయ్యాక చెప్పాను, “పాసైనవు తమ్మీ.”